తెలుపు కాగితానిదే



ఛందస్సో సంధులో వ్రాసుకోవలసిన పంతులు కాగితాల బేరం మొదలుపెట్టాడేమిటని అనుకోకండి. రెండు నెలలుగా నా బుర్రలో ఇదొక్కటే తిరుగుతున్నది. నలుపు తెలుపు ఫోటోను ఇంక్‌జెట్ ప్రింటరు మీద అచ్చు వేయించాలంటే ఎటువంటి కాగితం ఎంచుకోవాలి? పైకి ఇది దుకాణంలో అడిగే ప్రశ్న. నా మట్టుకు ఇది మా అక్క ప్రశ్న.

మా అక్కను 1974లో దివిసీమకు, నాగాయలంక దాపున ఒక ఊరికి ఇచ్చారు. పెళ్ళికూతురిని చేసిననాడు పూలజడ వేసి, పామర్రులోనే స్టూడియోకు తీసుకువెళ్ళి ఫోటో తీయించారు. ఆ రోజుల ఆనవాయితీ మీకు తెలిసిందే. ముఖమూ కనబడాలి, జడా కనబడాలి; అందుకని వెనుక నిలువుటద్దం పెట్టేవారు. 1977 కార్తీకంలో, నవంబరు 19నాటి ఉప్పెనలో అక్క, బావగారు, ఏడాది నిండని వాళ్ళ పాప పోయారు. వాళ్ళ పెట్టెలో ఉన్న పెళ్ళి ఫోటోలూ పోయాయి. పాప ఫోటో ఒక్కటీ లేదు. మా ఇంట గోడకున్న ఈ అద్దం ముందు ఫోటో ఒక్కటి మిగిలింది.

అది ముప్ఫై ఏళ్ళకు పైగా వేలాడి వేలాడి, వానాకాలపు చెమ్మకు ఒక మూల గాజుకు అతుక్కుపోయింది. నెగెటివు లేదు. 2009లో ఒక స్టూడియోకు ఇచ్చి స్కాన్ చేయించి, పెద్దది చేయించాను. తళతళలాడే కాగితం. తెల్లగా అంటే మల్లెపూవంత తెలుపు. నాకూ ముచ్చటే వేసింది. హాల్లో కిటికీకి ఎదురుగా తగిలించాము. మూడో ఏటికి నలుపు ఎర్రబారింది. ఆపైన కాఫీ ఒలికిన రంగుకు తిరిగింది. మా అమ్మకు అప్పటికి చూపు మందగించింది. ఒకనాడు పటం దగ్గరకు వెళ్ళి నిలబడి, "దాని జడలో పూలేవిరా?" అన్నది. నేను జవాబు చెప్పలేదు. 2014లో అమ్మ పోయింది.

ఆ స్టూడియో వారిని తప్పుపట్టను. ఏ కాగితమని నేను అడగలేదు, వారు చెప్పలేదు. నేను అడిగిందల్లా సైజూ ధరా.

ఈ ఏడు నా శిష్యుడొకడు విజయవాడనుంచి వచ్చాడు. ఫోటోల పనిలోనే ఉన్నాడు, మంచి ప్రింటరు ఉంది. పాత ఫోటోనూ 2009నాటి దాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. "మాస్టారూ, మీకో మాట చెప్పనా? ప్రింటర్లో తెల్లసిరా ఉండదు" అన్నాడు. అంతే, నాకు ఒళ్ళు జలదరించింది. నలుపుతెలుపులు ద్వంద్వసమాసమనీ, ఉభయపదార్థ ప్రధానమనీ ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠం చెప్పినవాణ్ణి. అచ్చులో ఆ సమానత్వం లేదు. నలుపు సిరాది, బూడిద ఛాయలన్నీ సిరాకూ కాగితానికీ జరిగే పంపకం, తెలుపు పూర్తిగా కాగితానిది. మల్లెపూలు, కళ్ళలో మెరుపు, నుదుటి మీద వెలుగు: ఇవేవీ అచ్చువేసినవి కావు. సిరా పడకుండా వదిలేసిన కాగితం. కాబట్టి కాగితం ఎంచుకోవడమంటే ఫోటోలో సగం ఎంచుకోవడమే. ఎంత ప్రింటరు, ఎన్ని మెగాపిక్సెళ్ళు అని తర్కించుకొనేవారు ఈ సగాన్ని దుకాణంలో అబ్బాయి ఇష్టానికి వదిలేస్తున్నారన్నది నా ఫిర్యాదు.

సిరా సంగతి క్లుప్తంగా ముగిస్తాను. ఇంక్‌జెట్ సిరాలు రెండు రకాలు. నీటిలో పూర్తిగా కరిగిన రంగు ఒకటి, దాన్ని డై అంటారు. కరగని సన్నని రేణువులు నీటిలో తేలేది రెండోది, పిగ్మెంట్. మొదటిది వెలుతురుకూ గాలిలోని ఓజోనుకూ తొందరగా లొంగుతుంది. పైగా తళతళలాడే కాగితం పూతలో కంటికి కనబడని రంధ్రాలుంటే గాలి నేరుగా రంగును చేరుతుంది. మా అక్క ఫోటోకు పట్టిన గతి అదేనని శిష్యుడి నిర్ధారణ. పిగ్మెంట్ నలుపులో ముఖ్యమైనది కర్బనం, అంటే మసి. తాటాకు మీద గంటంతో గీసి, గీతల్లో దీపపు మసి నూనెతో రుద్దేవారు కదా మన పెద్దలు. ఆకు చివికినా ఆ నలుపు చెదరలేదు. ఇన్నేళ్ళ తరువాత మళ్ళీ మసి దగ్గరికే వచ్చారన్నమాట.

ఇక కాగితం. శిష్యుడు మూడు తెచ్చాడు. ఒకే ఫోటోను మూడింటి మీదా అరచేతి సైజులో వేశాడు. మా వసారాలో పొద్దున పదింటికి ఒకసారి, రాత్రి ఎల్.ఇ.డి. దీపం కింద ఒకసారి చూశాము. మీరూ ఇలాగే చూడండి. కంప్యూటరు తెర మీద కాగితం తెలియదు, అట్టపెట్టె మీది వర్ణనలో అసలే తెలియదు.

మొదటిది మిక్కిలి తెల్లనిది. పేర్లలో బ్రైట్ అని ఉంటే ఈ జాతి అనుకోవచ్చు. ఎప్సన్ వారి హాట్ ప్రెస్ బ్రైట్ ఇటువంటిది. దానికే తోబుట్టువు హాట్ ప్రెస్ నేచురల్ ఉన్నది, అందులో ఈ తెలుపుమందు లేదు. ఆ మందును ఆప్టికల్ బ్రైట్‌నర్ అంటారు. పంచెకు నీలిమందు పెట్టడం ఎరుగుదురు కదా. పసుపు దాచడానికి నీలం కలపడం. ఇదీ ఆ జాతి ఉపాయమే, కాని ఇంకొంచెం గడుసుది. ఎండలోని అతినీల కిరణాలను తాను త్రాగి నీలపు వెలుగుగా కక్కుతుంది. అందుకే పగలు కిటికీ దగ్గర అక్క ముఖం నీలంగా, చలికి వణికినట్టు కనిపించింది. రాత్రి ఎల్.ఇ.డి. కింద అతినీల కిరణాలు దాదాపు లేవు గనుక అదే కాగితం చప్పబడింది. ఒకే ఫోటో, పగలొక ముఖం రాత్రొక ముఖం. పైగా ఆ మందు ఏళ్ళ మీద ఉడిగిపోతుంది, అడుగున ఉన్న అసలు రంగు బయటపడుతుంది. నీలి పోయిన పంచె సంగతి చాకిరేవు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక మాట. మందు ఉన్న కాగితమల్లా పాపిష్టిదని నేననను. జర్మనీలోని హానెమ్యూలె అనే మిల్లు 1584నాటిది. వారి ఫోటో రాగ్ 308 గ్రాముల కాగితం లోకమంతా వాడుతుంది. అందులోనూ ఈ మందు కొద్దిగా ఉంది. ఇది మోతాదు విషయం. వారిదే మ్యూజియం ఎచింగ్‌లో మందు లేదు, కాని దాని గరుకుదనం చిన్న ముఖాలకు నప్పదని నా అభిప్రాయం.

రాగ్ అనగానే నాకు రాగమే తోచింది. తీరా చూస్తే గుడ్డపేలిక. పూర్వం పాత గుడ్డలు నానబెట్టి కాగితం చేసేవారు, ఆ పేరు నిలిచిపోయింది. ఇప్పుడు ఎక్కువగా పత్తిగింజకు అంటుకొని ఉండే పొట్టి నూగుతో చేస్తారు. చెక్కగుజ్జులో ఉండే లిగ్నిన్ పత్తిలో లేనట్టే లెక్క. వార్తాపత్రికను నెలలో పసుపుపచ్చ చేసేది ఆ లిగ్నినే. జెండా వెంకయ్యగా అందరికీ తెలిసిన పింగళివారు మా పక్క భట్లపెనుమర్రు మనిషి. కంబోడియా పత్తి మీద చేసిన కృషికి ఆయనను పత్తి వెంకయ్య అనేవారు. పత్తికి ఇంత మర్యాద ఇచ్చిన గడ్డ మీద పత్తికాగితం పేరు ఎవరికీ తెలియకపోవడం నాకు కించిత్తు చిన్నతనంగానే ఉంది.

రెండోది అటువంటి పత్తికాగితమే. మెరుపు లేదు, తెలుపుమందు లేదు. కాన్సన్ వారి రాగ్ ఫోటోగ్రాఫిక్, చదరపు మీటరుకు 310 గ్రాములు. చేత్తో పట్టుకుంటే ఉతికి ఆరిన నూలుబట్ట. పైన సిరాను పట్టి నిలిపే పూత ఉంటుంది. ఇది మన కలంకారీవారు ఎప్పుడో ఎరిగిన రహస్యం. పెడనలో గుడ్డకు ముందు కరక్కాయ పట్టిస్తారు. ఇనుప తుక్కూ బెల్లమూ ఊరబెట్టిన నీరు ఆ గుడ్డ మీద పడితేనే నల్లబడుతుంది. శ్రీకాళహస్తిలో గేదెపాలు కూడా పట్టిస్తారు, రంగు పాకకుండా. పూత లేని కాగితం మీద మంచి సిరా పోయడం కరక్కాయ పట్టించని గుడ్డ మీద అద్దకం వేయడమే.

ఈ రెండోదాని మీద అక్క ముఖం పగలూ రాత్రీ ఒక్కలాగే ఉన్నది. బుగ్గ మీది నీడ మెత్తగా దిగింది. కాని జడ? అద్దంలోని జడ మసిముద్దయింది. పూలలో సగం మళ్ళీ మాయం.

మూడోది బరైటా. పూర్వం చీకటిగదిలో వాడిన కాగితాల మీద ఉండే బేరియం సల్ఫేటు పూతను బట్టి ఆ పేరు. అదేమిటో అని భయపడకండి, మన ముగ్గురాయి. రాయలసీమలో మంగంపేట గనులు దీనికి లోకప్రసిద్ధం. ఈ జాతి కాగితాలకు అణకువైన నిగారింపు ఉంటుంది. చేసేవారందరూ పత్తితో చేయరు, అందరూ తెలుపుమందు మానరు, అడిగి తెలుసుకోవాలి. అదే తరహా నిగారింపుతో శిష్యుడు తెచ్చింది కాన్సన్ ప్లాటీన్ ఫైబర్ రాగ్, పత్తిదే, మందు లేనిదే. దాని మీద జడలో ప్రతి పాయా విడివిడిగా తేలింది. మల్లెమొగ్గలు లెక్కపెట్టవచ్చు.

ఎందుకిలా? నలుపు లోతుకు ఒక కొలత ఉంది. మెరుపులేని కాగితం మీద అది 1.6, 1.7 దగ్గర ఆగుతుంది. బరైటా జాతి మీద 2.3 దాకా పోతుంది. వాడుక భాషలో చెప్పాలంటే, మొదటిదాని నలుపు తన మీద పడిన వెలుతురులో నూటికి రెండు పాళ్ళు తిప్పిపంపుతుంది, రెండోది అర పాలు. ఆ తేడాలోనే జడ పాయలు దాగుతాయి.

శిష్యుడి తీర్పు వెంటనే వచ్చేసింది. "బరైటానే మాస్టారూ, ఇంకేం ఆలోచించకండి." నలుపు తెలుపు అంటే బరైటాయే అన్నది ఈ విద్యలో ఉన్న చాలామంది మాట కూడాను. నేను ఒప్పుకోలేదు. నా వాదం ఇది. మన ఇళ్ళల్లో ఫోటో చేతిలో ఉండదు, గోడ మీద గాజు వెనుక ఉంటుంది. మామూలు గాజు తానే నూటికి ఎనిమిది పాళ్ళ వెలుతురు తిప్పికొడుతుంది. ఎనిమిది ముందు రెండెంత, అరెంత? అంత ఖరీదు పెట్టి కొన్న నలుపు లోతు కిటికీ నీడ కింద మునిగిపోతుంది. గాజు మెరుపుకు కాగితం మెరుపు తోడైతే ముఖం చూడడానికి మెడ వంకర త్రిప్పాలి. గోడకు మెరుపులేని పత్తికాగితం, చేతిలో పట్టుకొని చూసే ఆల్బముకు బరైటా. ఇది నా మతం.

"మరి జడో?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. కాగితం మార్చకుండా ఫోటో మార్చమన్నాను. మెరుపులేని కాగితానికి పంపేముందు చీకటి భాగాలను రవ్వంత పైకి ఎత్తాలి. అది ఎంత మింగుతుందో ముందే లెక్కవేసుకోవాలి. ఆ కాగితానికి తగిన ప్రొఫైలు తీసుకొని, మాట్ కాగితానికి వేరుగా ఉండే మాట్ నలుపు సిరాతో మూడుసార్లు వేశాడు. మూడోసారికి అద్దంలో పూలు వచ్చాయి. బరైటా మీద ఉన్నంత స్పష్టంగా కాదు. మొగ్గలు లెక్కపెట్టలేము. పూలని మాత్రం తెలుస్తుంది. ఒక డబ్బా ధర మా ఇంటి నెల పాలఖాతాను మించింది గనుక నాలుగోసారి వేయమనడానికి నాకు నోరు రాలేదు. మీరు డబ్బా కొనకండి. అచ్చువేసేవారిని ఏ కాగితమో, ఏ సిరానో, తెలుపుమందు ఉందో లేదో అడగండి. చెప్పలేకపోతే ఇంకో చోటికి వెళ్ళండి.

మన డెల్టావారికి ఇంకో సంగతి. ఈ కాగితాలకు నూటికి నలభైనుంచి అరవై పాళ్ళ చెమ్మ హితవు. మనకు వానాకాలంలో ఎనభై దాటుతుంది. డబ్బా విప్పితే వెంటనే మూయాలి. అచ్చయిన ఫోటోను ఒక రోజంతా ఆరనివ్వాలి. కాగితం గాజును తాకకూడదు, మధ్య కిటికీలా కోసిన దళసరి అట్ట ఉండాలి. పాత ఫోటో మూల అతుక్కున్నది అది లేకనే. వెనుక వేసే అట్ట కూడా ఆమ్లం లేనిదై ఉండాలి. ఫ్రేములవాడు నవ్వాడు, "పంతులుగారూ, వెనక ఎవరు చూస్తారండీ?" అని. అట్ట నేనే తెచ్చి ఇచ్చాను.

పటం ఇప్పుడు కిటికీకి ఎదురుగా లేదు, పక్క గోడన ఉంది. శిష్యుడు నన్నడగకుండా బరైటా మీద కూడా ఒకటి వేసి, వెళ్ళేటప్పుడు బల్లమీద పెట్టి వెళ్ళాడు. దాన్ని అసలు ఫోటోతోపాటు బీరువాలో ఉంచాను. అప్పుడప్పుడు బయటికి తీసి మొగ్గలు లెక్కపెడుతున్నాను. ముప్ఫై ఒకటి దాకా వచ్చాయి, అద్దం అంచున ఇంకొకటి ఉందా లేదా అన్నది తేలలేదు.

మీలో ఎవరైనా మెరుపులేని కాగితం మీద ఇంతకంటే మంచి నలుపు రాబట్టి ఉంటే ఎలాగో వ్రాయండి. వాడికి చూపించాలి.