మనోరోగులు - బంధువుల మాట

మనస్సు చెదరినవారిని ఆస్పత్రిలో చేర్చునపుడు బంధువులను సంప్రదింపవలయునా? తప్పక సంప్రదింపవలయును. రోగి యెన్నాళ్లనుండి నిద్రాహారములు మానెనో, ఏ మందు పడదో, ఎన్నడు ప్రాణముమీదికి దెచ్చుకొనెనో ఇంటివారికి దెలిసినట్లు వైద్యునికి దెలియదు. కాని వారి నడుగుట వేఱు, వారి మాటనే తీర్పుగా గైకొనుట వేఱు. ‘ఎఱ్ఱగడ్డకు పంపెదము’ అను మాట మన యిండ్లలో పరిహాసమునకే కాక బెదిరింపునకును వాడుకలో నున్నది. ఆస్తితగవులోనున్న అన్నయు, భార్యను వదలించుకొనగోరు భర్తయు బంధువులే కదా!

1987 నాటి శాసనము క్రింద, సమ్మతి దెలుపని రోగిని బంధువో స్నేహితుడో దరఖాస్తు పెట్టి, వైద్యుల ధ్రువపత్రములతో 90 దినములవఱకు ఆస్పత్రిలో నుంచ వీలుండెను. 2017లో చేయబడి 2018లో అమలునకు వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ శాసనము ఈ పద్ధతిని మార్చినది. తన పక్షమున మాటలాడు ప్రతినిధిని రోగియే తెల్లకాగితముపై సంతకముతోనో వ్రేలిముద్రతోనో నియమించుకొనవచ్చును. అట్లు నియమింపనిచోనే ఆ స్థానము బంధువునకు వచ్చును. ప్రతినిధి కోరినను, ఇద్దఱు నిపుణులు వేర్వేఱుగా పరీక్షించినగాని చేర్చుకొనరాదు. తొలి గడువు 30 దినములే. చేరినవారు స్త్రీలు, మైనరులు అయినచో 3 దినములలో, ఇతరులైనచో 7 దినములలో సమీక్షామండలికి దెలుపవలయును. రోగి స్వయముగా ఆ మండలికి మొఱపెట్టుకొనవచ్చును. రోగి మేలునకు నడువని ప్రతినిధిని మండలి తొలగింపవచ్చును.

అట్లని బంధువులనెల్ల అనుమానించుట న్యాయము కాదు. 2001 ఆగస్టులో తమిళనాటి ఏర్వాడిలో గొలుసులతో బంధింపబడిన రోగులు 28 మంది అగ్నికాహుతియైరి. దగ్గఱలో వైద్యము దొరకక తమవారిని అట్టి తావులకు జేర్చు కుటుంబములను క్రూరులని మేమనజాలము. వారికి కావలసినది వైద్యము, ఆదరణ, దోషారోపణ కాదు.

కాగితముపై శాసనము బాగుగనే యున్నది. కాని తనకట్టి హక్కు గలదని యెఱుగని రోగికి అది యేమి రక్షణ? మేము కోరునది స్వల్పము. చేర్చుకొను దినముననే, బంధువులు లేని గదిలో, రోగికి దెలిసిన భాషలో, ‘మీ పక్షమున ఎవరు మాటలాడవలెనని కోరెదరు?’ అని యడిగి, జవాబు వ్రాసికొనవలయును. మండలి సభ్యులు ఆస్పత్రులకే పోయి రోగులతో ఏకాంతమున మాటలాడవలయును. ఉభయ తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములును ఈ విషయమున ఉపేక్ష వహింపరాదు. అడుగువారు లేనిచో, ఆ గదిలోని మనుష్యుడు బంధువుల దయకే విడువబడును.