ముఖం మీద డైరెక్టుగా ప్రొడక్షనా?

ఒక్క లైను కోడు మార్చినా టెస్ట్ చేయందే బయటికి వదలని వాళ్ళం. అదే "నేచురల్" అని పేరుంటే చాలు, ముఖం మీదకి ఏదైనా వదిలేస్తాం! ఇంట్లో చేసిన టోనరు, క్రీము, కలబంద జెల్... అన్నిట్లోనూ ఒకటే మాట: "పీహెచ్ కోసం నాలుగు చుక్కలు నిమ్మరసం." దాన్ని బెంగళూరు నుంచి ప్రొద్దుటూరులో ఉన్న చెల్లెలికి ఫార్వర్డ్ చేసేది మనమే. నాలుగు చుక్కలేంటండీ? ఎన్ని నీళ్ళలో? ఏ నీళ్ళలో?

పీహెచ్ స్కేలు 1909లో కోపెన్‌హేగన్‌లో సోరెన్సెన్ పెట్టింది, కార్ల్స్‌బర్గ్ ల్యాబులో (అవును, ఆ బీరు కంపెనీదే :)). అది లాగరిథమ్ స్కేలు. మన చర్మం పైపొర ఇంచుమించు 5. నిమ్మరసం 2-3 మధ్య. రెండు మూడు అంకెలే కదా అనకండి, అంటే వంద నుంచి వెయ్యి రెట్లు.

ఇక నీళ్ళ సంగతి. కడప బండ అంటే సున్నపురాయి. నిమ్మరసం పడితే ఆ రాయి యాసిడ్‌ని తినేస్తుంది, నునుపు పోయి మచ్చ మిగులుతుంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది ఈ రాయి కోసమే. అలాంటి నేలలోంచి వచ్చే బోరునీళ్ళలో కరిగిన సున్నం ఉంటుంది, అదీ యాసిడ్‌ని తింటుంది. కాబట్టి ఆ నాలుగు చుక్కలకే ఆర్వో నీళ్ళలో ఒక పీహెచ్, బోరునీళ్ళలో ఇంకో పీహెచ్.

పులివెందుల దగ్గర తుమ్మలపల్లె యురేనియం చూడండి. ఆ గని మీద వేరే గొడవలు చాలా ఉన్నాయి, అవి ఇక్కడ వద్దు. జార్ఖండ్ జాదూగుడాలో ఖనిజాన్ని యాసిడ్‌తో కరిగిస్తారు. తుమ్మలపల్లె రాయి కార్బొనేట్ రాయి, యాసిడ్ పోస్తే అంతా అదే తాగేస్తుంది. అందుకే అక్కడ క్షారం వాడే పద్ధతి పెట్టారు. ముందు రాయిలో ఏముందో చూశారు, తర్వాతే మందు ఎంచుకున్నారు. మన వంటకాలలో ఆ "ముందు చూడటం" ఎక్కడుంది?

"మా అవ్వ ఇవన్నీ కొలిచిందా?" అంటారు. కొలవలేదు. కానీ ఆమె వాడింది కుంకుడుకాయ, పెరుగు. రెండూ మెత్తని పులుపే. అప్పటికప్పుడు కలిపి, రాసుకుని, కడిగేసింది. సీసాలో పోసి మూణ్ణెల్లు దాచలేదు. దాచాలంటే ప్రిజర్వేటివ్ కావాలి. చాలామంది వేసే సోడియం బెంజోయేట్ పీహెచ్ 5 దాటితే దాదాపు దండగ. అంటే పీహెచ్ తెలీకుండా దాచిన సీసా బూజుకి, బాక్టీరియాకి పెంపుడిల్లు.

నిమ్మరసం రాసుకుని కడప ఎండలో తిరగడం మరీ ఘోరం. అందులోని కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి. బొబ్బలు తగ్గినా నల్లమచ్చలు నెలల తరబడి ఉంటాయి. తెల్లబడాలని పెళ్ళికి ముందు ఈ పని చేసే ఆడపిల్లలకి దక్కేది ఆ మచ్చలే. అసలు తెల్లబడాలన్న ఒత్తిడి పెట్టిందెవరు? అది ఇంకో టపా.

ఇంట్లో చేసిన సబ్బులో నిమ్మ పిండి 5కి దించేవాళ్ళకి ఒక మాట. సబ్బు పీహెచ్ 9-10 ఉంటేనే సబ్బు. కిందికి లాగితే విరిగిపోయి జిడ్డు కొవ్వు మిగులుతుంది.

మానేయమని నేననను. సరిగ్గా చేయమంటాను. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు 10 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 90 గ్రాములు కలిపి పెట్టుకోండి. లాక్టిక్ యాసిడ్ దొరికితే ఇంకా మెత్తన. ఒక్కో చుక్కా వేయడం, బాగా కలపడం, పీహెచ్ పేపరుతో చూడటం. ఎరుపు, నీలం మాత్రమే చెప్పే లిట్మస్ కాదు, అంకె చూపించే పేపరు. క్రీమయితే ఒక వంతుకి తొమ్మిది వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి చూడాలి. 5 చుట్టుపక్కల ఆగండి. మరీ కిందికి పోతే సోడా వేసి పైకి లాగే సర్కస్ వద్దు, ఆ బ్యాచ్ పారబోయండి. మిగిలింది ముందు మోచేతి లోపల రాసి ఒకరోజు చూడండి.

ఇంత ఓపిక లేదంటారా? అయితే ఆ ఫార్వర్డ్ బటన్ జోలికి పోకండి.