నల్లకోటు వేసుకున్నాక

లాయరు కావాలన్నది నా జీవిత ధ్యేయం. ఉండేది సీతమ్మధారలో. ఇక్కడి అపార్టుమెంట్లలో పనిచేసే ఆడవాళ్ళు, ఎగ్గొట్టిన జీతం గురించో, తాగొచ్చి కొట్టే మొగుడి గురించో చెప్పి చివర్లో ఒకటే అడుగుతారు: "మనకి తెలిసిన ఆడ ప్లీడరు ఎవరైనా ఉన్నారా అమ్మా?" ఆ ప్లీడర్ని నేనే కావాలనుకుని లా కాలేజీలో చేరాను.

స్త్రీ అన్న ఒక్క కారణంతో 1916లో రెజీనా గుహాను ప్లీడరుగా నమోదు చెయ్యడానికి కలకత్తా హైకోర్టు ఒప్పుకోలేదు. ఆ అడ్డు 1923 చట్టంతో పోయింది. ఇప్పటి అడ్డు ఏ చట్టంలోనూ కనపడదు. పట్టా చేతికొచ్చి, జూనియర్‌గా చేరాక మొదలవుతుంది. "పని నేర్చుకోడానికొచ్చి జీతం అడుగుతావేమిటమ్మా?" అన్నారు నేను కలిసిన ఒక సీనియర్. నమోదు ఫీజు నయం. 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలైతే 125 మించకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. నగరాల్లో జూనియర్లకు నెలకు కనీసం 20 వేలు ఇమ్మని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆ అక్టోబరులో అన్నది సలహా మాత్రమే. ఇవ్వకపోతే అడిగే దిక్కు లేదు. అంటే మొదటి కొన్నేళ్ళు తండ్రో, భర్తో పోషించాలి. ఇంటి హింసను ఎదిరించిన స్త్రీల కేసులు వాదించాలంటే ముందు ఇంట్లోవాళ్ళ దయ మీద బతకాలన్నమాట!

ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీకి ఉచిత న్యాయసహాయం అందాలని న్యాయసేవల చట్టం 12వ సెక్షను చెబుతోంది. గృహహింస దరఖాస్తును మొదటి విచారణ నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని 2005 చట్టం అంటోంది. ఇవి మన కార్యకర్తలకు కంఠోపాఠం. ఆ కేసు నడిపే జూనియర్ లాయరమ్మ బస్సు ఛార్జీ ఎక్కణ్ణించి వస్తుందో మన మీటింగుల్లో ఒక్కసారీ చర్చకు రాలేదు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ మన వాల్తేరులో, ఆంధ్రా యూనివర్సిటీలోనే చదివారు. ఆడపిల్లలకు హాస్టల్ లేదంటే, తనలాంటి అమ్మాయిల్ని కూడగట్టి బస ఏర్పాటు చేసుకుని మరీ చేరారు. లా పట్టా 1942లో మద్రాసులో తీసుకున్నారు. ఒంటరిగా నెగ్గుకు రావాలనుకుంటే ఆ చదువు వాల్తేరులోనే ఆగిపోయేదేమో.

అందుకే నేనడిగేది ఇది. ఒక్కో సంఘం ఒక్కో మహిళా జూనియర్‌కు రెండేళ్ళపాటు నెల నెలా ఇంత అని ఇవ్వాలి; బదులుగా ఆమె వారానికి రెండు రోజులు మన కేసులు చూడాలి. ఈ పద్దుకు నిధులెవరూ ఇవ్వరని కొందరంటున్నారు. సెమినారు భోజనాలకు ఇస్తున్నారు కదా, అక్కణ్ణించే మొదలుపెడదాం.