డెట్రాయిటు సంగీతోత్సవము

అమెరికాలో డెట్రాయిటు నగరమున, నదీతీరమందలి హార్టు ప్లాజాలో ఏటేట మే నెలాఖరున జరుగు టెక్నో సంగీతోత్సవమునకు మేము పోయి వింటిమి. అది వట్టి చప్పుడని యీసడించువారితో మేమేకీభవింపజాలము. ఈ నగరపు బిడ్డ జెఫ్ మిల్సు 909 అను డ్రమ్ము యంత్రమొక్కటే ముందుంచుకొని లయను కట్టి, విఱిచి, మరల నతుకు తీరు మన మృదంగ విద్వాంసులును మెచ్చదగినది. ఇట్టి యుత్సవములలో వాదకున కొక గంట, రెండు గంటలకు మించి యియ్యరు. రాగము కుదురుకొనకమున్నే మంగళము పాడినట్లుండును. అది యటుండనిండు.

1980 దశకమున నీ గానమును సృజించినవారు డెట్రాయిటు ప్రాంతపు నల్లజాతి యువకులు. 2000లో తొలి యుత్సవమునకు రుసుము లేక ఊరెల్ల వచ్చెను. 2005 నుండి టిక్కెట్టు పెట్టిరి. కొనలేనివాడు, తన వాడలో పుట్టిన పాటను కంచె కావల నుండి వినవలసినదే! ఒక్క పూటయైనను ద్వారములు తెరువుడని నిర్వాహకులను కోరుచున్నాము.