బోర్డు పోయిందా, బుద్ధి పోయిందా?

ఇంట్లో ఏ వస్తువు మొరాయించినా మొదట పోయేది ఇల్లాలి పరువు. "నువ్వేం చేశావ్?" అన్న ప్రశ్న మావారి నాలిక చివర ఎప్పుడూ తయారుగా ఉంటుంది. మొన్న మా అంట్లు తోమే మిషను విషయంలోనూ అదే జరిగింది.

2020లో లాక్‌డౌన్ పుణ్యమా అని పనిమనిషి రావడం ఆగిపోతే, చాలా ఇళ్ళలాగే మా ఇంటికీ వచ్చింది డిష్‌వాషరు. ఇన్నాళ్ళూ బుద్ధిగానే పనిచేసింది. మొన్న ఆదివారం రాత్రి మాత్రం గుర్రుమంటూ నీళ్ళు బయటికి తోడెయ్యడం మొదలెట్టింది. లోపల చుక్క నీళ్ళు లేవు. అయినా తోడుతూనే ఉంది! దాని మీద ఉన్న బటన్ నొక్కితే ఆగలేదు. గోడ దగ్గర స్విచ్ కట్టేస్తేగానీ నోరు మూయలేదు. మళ్ళీ వేస్తే మళ్ళీ గుర్రు.

"అంట్లు తోమడానికి కూడా కరెంటేనా అని ఆనాడే అన్నాను" అన్నారు మా అత్తగారు.

మర్నాడు మెకానిక్ వచ్చాడు. మిషను వాడేది నేను. పక్కనే నిలబడ్డదీ నేనే. నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. రెండు బటన్లు నొక్కి చూసి, హాల్లో కూర్చున్న మావారి దగ్గరికెళ్ళి, "సార్, బోర్డు పోయింది. 11,000 అవుతుంది" అన్నాడు. వంగి చూసింది లేదు, ఒక్క స్క్రూ విప్పింది లేదు. మావారు తల ఊపేశారు. కూరలో ఉప్పు ఎక్కువైతే పది ప్రశ్నలు వేసే మనిషి, 11,000 రూపాయలకి ఒక్క ప్రశ్న వెయ్యలేదు!

నా తగాదా అంతా ఇక్కడే. పప్పు ఉడక్కపోతే మనం కుక్కరు మార్చేస్తామా? గాస్కెట్ చూస్తాం, వెయిటు చూస్తాం, నీళ్ళు చాలాయా అని చూస్తాం, పప్పు పాతదేమో అనుకుంటాం. ఖర్చులేని కారణం ముందు, ఖరీదైన కారణం చివర. రోజుకి మూడుపూటలా ఈ విద్య చేస్తున్న మనకి "మిషన్ల సంగతి ఆడవాళ్ళకేం తెలుసు" అని పాఠం చెబుతారు. అసలు పనికొచ్చే అంట్ల యంత్రాన్ని తయారుచేసి, 1886లో పేటెంటు తీసుకున్నదే జోసెఫిన్ కాక్రేన్ అనే అమెరికా ఇల్లాలు. 1893లో షికాగో ప్రదర్శనలో దాన్ని పెట్టి మెప్పు కూడా పొందింది.

ఇంతకీ ఆ గుర్రు ఏమిటంటారా? చాలా మిషన్లకి అడుగున ఒక ట్రే ఉంటుంది. అందులో చిన్న బెండు, దానికో స్విచ్. ఎక్కడైనా నీళ్ళు కారి ట్రేలో చేరితే బెండు పైకి తేలి స్విచ్ నొక్కుకుంటుంది. వెంటనే మిషను కొత్త నీళ్ళు రానివ్వకుండా ఆపేసి, పంపు తిప్పడం మొదలెడుతుంది. మన వంటిల్లు చెరువు కాకుండా అదొక కాపలా. చిక్కల్లా ఏమిటంటే, ఆ పంపు తోడేది పైన తొట్టెలో నీళ్ళని. ట్రేలో నీళ్ళు దానికి అందవు. అంచేత ట్రే ఆరేదాకా అది తిరుగుతూనే ఉంటుంది పాపం! పిల్లాడికి ఒళ్ళు కాలుతోందని ఒళ్ళు మార్పించం కదా, జ్వరం ఎందుకొచ్చిందో చూస్తాం. ఇక్కడా చూడవలసింది నీళ్ళు ఎందుకు కారాయన్నదే. తలుపు రబ్బరు అరిగిందా, గొట్టం బిగింపు వదులైందా, నురగ పొంగిందా?

బోర్డు ఎన్నడూ పోదని నేననను. ట్రే పొడిగా ఉండి, బెండూ స్విచ్చీ సరిగ్గా ఉండీ పంపు ఆగకపోతే, అప్పుడు బోర్డుని అనుమానించాలి. పంపు చప్పుడే లేకుండా నీళ్ళు జారిపోతుంటే, బయటికి పోయే గొట్టాన్ని మరీ కిందికి పెట్టారేమో చూడాలి. కానీ వరస తప్పకూడదు.

మెకానిక్ వెళ్ళాక ప్లగ్గు పీకి, కుళాయి కట్టేసి, కింద ముందు రేకు విప్పి టార్చి వేశాను. ట్రేలో నీళ్ళు, వాటి మీద తెల్లగా నురగ! తువ్వాలుతో పీల్చి, మా అబ్బాయి సాయంతో మిషన్ను ముందుకు లాగి, వెనక్కి వాల్చి, మిగిలిన నీళ్ళూ వంపేశాం. లోపల తొట్టెలో నురగంతా కూడా తుడిచేశాను. ఒకరోజు ఆరనిచ్చి స్విచ్ వేస్తే కిక్కురుమనలేదు. మామూలుగా గిన్నెలు కడిగింది. తరవాత మళ్ళీ చూస్తే ట్రే పొడిగానే ఉంది.

మరి నురగ ఎక్కడిది? ఆదివారం పౌడరు అయిపోయిందని, చేత్తో తోముకునే లిక్విడు ఓ గరిటెడు పోసి స్విచ్ వేసిన ధర్మాత్ములు మావారే. "మీరేం చేశారు?" అని అడిగే భాగ్యం ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి నాకు దక్కింది.

చెప్పొచ్చేదేమిటంటే, రేపు మీ వంటింట్లో ఎవరైనా "బోర్డు పోయింది" అంటే హాల్లోకి చూడకండి. "కింద ట్రే చూశావా బాబూ?" అని మీరే అడగండి. ఆ ఒక్క ప్రశ్న మా ఇంట్లో 11,000 మిగిల్చింది.