అవార్డుకు మాషా అల్లాహ్, సన్నాయికి రెండు నిమిషాలు



మొన్న మదనపల్లెలో ఒక పెళ్ళి. ముహూర్తం తెల్లవారుజామున అయినా, రాత్రి రిసెప్షన్‌కే రమ్మన్నారు. పీటీఎం నుంచి మా మేళం పోయింది. రెండు నాదస్వరాలు, రెండు డోళ్ళు, ఒక శ్రుతి పెట్టె. పీకలు తడుపుకొని, శ్రుతి కలుపుకొని మోహన ఎత్తుకున్నా. పది నిమిషాలు కాలేదు, పెళ్ళివాళ్ళ పిల్లోడొకడు వచ్చినాడు. "సాయిబన్నా, కొంచెం ఆపుతారా, డీజే వాళ్ళు సౌండ్ చూసుకోవాలంట" అన్నాడు. ఆపేసినాం. మళ్ళా మా అవసరం పడింది తాళి కట్టేటప్పుడే. గట్టిమేళం, రెండు నిమిషాలు.

నాకు వాళ్ళ మీద గుస్సా లేదు. మాట్లాడిన డబ్బులిచ్చినారు, అన్నం పెట్టి పంపినారు. బస్సెక్కి ఫోన్ తెరిచినాకనే మనసు చివుక్కుమంది. మా బంధువుల గ్రూపులో ఒక చాచా షేక్ చిన్న మౌలానా సాహెబ్ ఫోటో పెట్టి, మన ఖౌమ్‌కు ఫఖ్ర్ అని రాసినాడు. దాని కింద అందరూ మాషా అల్లాహ్‌లు. పోయిన రంజాన్‌లో మసీదు బయట నన్ను నిలబెట్టి, "ఇంకా ఆ పేషా ఏందిరా, నీ కొడుకునన్నా మానిపించు" అన్నది కూడా ఈ చాచానే.

చిన్న మౌలానా సాహెబ్ 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టినారు. తరతరాలుగా నాదస్వరం వాయించే ఇల్లు. తంజావూరు బాణీ కోసం తమిళదేశం పోయి నేర్చుకొని, శ్రీరంగంలో స్థిరపడినారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. ఆయన షాగిర్దులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. భద్రాచలం రాములవారి గుడిలో వాయించిన గోసవీడు షేక్ హసన్ సాహెబ్‌కు 2022లో వచ్చింది, ఆయన పోయినాక.

ఫఖ్ర్ పడాల్సిందే. కానీ ఇంత హునర్ ఎక్కడ తయారైంది? సభల్లో కాదు. ఊరి గుడి మేలుకొలుపులు, చిన్నచిన్న పెళ్ళిళ్ళు, దేవుడి ఊరేగింపులు ఇంటికి రోజీ తెచ్చినాయి కాబట్టే అబ్బా కొడుక్కు నేర్పినాడు, కొడుకు మనవడికి నేర్పినాడు. ఆ చిన్న పనులు పోతే పెద్ద విద్వాంసులు ఎక్కడినుంచి వస్తారు?

ఇప్పుడు చాలా గుళ్ళలో స్విచ్ వేస్తే డోలు, గంట మోగే మిషన్లు వచ్చినాయి. దానికి జీతం అక్కర్లేదు. మాకు మిగిలింది పెళ్ళిళ్ళు. మూఢం వచ్చిందంటే మా ఇళ్ళలో రోజా మొదలైనట్టే, ఇఫ్తార్ ఎప్పుడో పంచాంగం చెప్పాల.

దీనికంటే నాకు భయం ఇంకొకటి. సన్నాయి పలకడానికే పిల్లోడికి రెండు మూడేళ్ళ రియాజ్ కావాల. ఆలాపన చేసే స్థాయికి పదేళ్ళు. రెండు నిమిషాల గట్టిమేళం కోసం ఎవరు పదేళ్ళు పెడతారు? అడిగేవాళ్ళు లేకపోతే ముందు రాగం పోతుంది. వాయిద్యం మాత్రం పెళ్ళి ఫోటోలో అలంకారంగా ఉండిపోతుంది. సినిమా పాట నేనూ వాయిస్తా, అందులో తప్పేం లేదు. కానీ అదొక్కటే వాయించేదానికి ఉస్తాద్ అవసరం లేదు.

మనవాళ్ళలో కొందరు సంగీతం హరామ్ అంటారు. నేను ఆలిమ్‌ను కాను, ఫత్వా చెప్పే హైసియత్ నాకు లేదు. ఉలమాల్లోనే దీని మీద ఒకే మాట లేదని మాత్రం తెలుసు. మేలుకొలుపు వాయించి వచ్చి ఫజర్ చదివిన మా దాదా ఈమాన్‌ను శంకించే ధైర్యం కూడా నాకు లేదు. అయితే ఒకటి అడుగుతా. కొడుకు బరాత్‌కు గోడలదిరే డీజే పెట్టినోళ్ళకు నా మోహన ఒక్కటే గునాహ్ ఎట్లయింది?

నా కొడుకు పదో తరగతి. బడినుంచి రాగానే పీక నోట్లో పెట్టుకుంటాడు. "అబ్బా, ఇది నేర్చుకుంటే బతకొచ్చా?" అని అడిగినాడు. అవునని చెప్పలేకపోయినా. చదువు వదలొద్దు, ఇదీ వదలొద్దు అన్నా. వాడికి ఆ జవాబు చాలలేదని ముఖం చూస్తేనే తెలిసింది.

అందుకే అడుగుతున్నా. మీ ఇంట్లో వలీమా ఉంటే, కొత్తింట్లో పాలు పొంగిస్తుంటే, దర్గాలో గంధం ఊరేగిస్తుంటే ఒక్క గంట మేళం పెట్టించండి. డీజే వద్దనను. ఆ గంటసేపు దాన్ని ఆపండి. రాగం వాయించమని మీరే అడగండి. మాట్లాడిన డబ్బులు ఆ పూటే ఇచ్చేయండి. మా ఇజ్జత్‌కు అది చాలు.

వచ్చే నెల మా చెల్లెలి కూతురి నికా. ఆ చాచా కూడా వస్తాడు. నా పక్కన నా కొడుకు కూర్చుంటాడు. ఇన్షా అల్లాహ్, ఆ రోజు మోహన మొత్తం వాయిస్తాం.