అట్టలేని చందమామలు

పిల్లలూ! పోయిన నెలలో మా తుమ్మలపల్లెలో ఆరో తరగతి చదివే పిల్లవాడొకడు పెద్ద సంచి మోసుకుని మా ఇంటికి వచ్చాడు.

"సార్, ఇవి మా జేజినాయన పెట్టెలో దొరికినాయి. మా నాయన పాతకాగితాల వానికి వేస్తానంటున్నాడు. పనికొస్తాయా?" అని అడిగాడు.

సంచిలో బైండు చేసిన చందమామ సంపుటాలు రెండూ, చిరిగిన విడి సంచికలు నాలుగూ ఉన్నవి. వాడు బైండు పుస్తకాలను ముద్దుగా ముందు పెట్టి, విడివాటిని పక్కకు తోశాడు. నేను ఆ విడివాటినే ముందుగా చేతిలోకి తీసుకున్నాను. పాత పత్రికలు సేకరించేవారు కూడా అలాగే చేస్తారు. ఎందుకో చెబుతాను.

చందమామ 1947 జూలైలో మద్రాసులో పుట్టింది. తెలుగులో ఆ పేరు, తమిళంలో అంబులిమామ. దానిని స్థాపించినవారు నాగిరెడ్డిగారు, చక్రపాణిగారు. నాగిరెడ్డిగారు మన కడప జిల్లా పొట్టిపాడులో పుట్టినవారే! ఆ పత్రిక తరువాత ఎన్నో భాషలలో వెలువడి, 2010 దాటిన కొద్ది ఏళ్ళకు ఆగిపోయింది.

ఆ రోజులలో ఇంటింటా ఏడాది సంచికలను కలిపి కుట్టించేవారు. బైండరు ఏం చేసేవాడు? అట్టలూ, ప్రకటనల కాగితాలూ ఊడదీసి, మూడు వైపులా అంచులు కోసేవాడు. కథలు మిగిలేవి, అట్టలు పోయేవి. చందమామ అట్టల మీద వడ్డాది పాపయ్యగారు బొమ్మలు వేసేవారు. నా చిన్నతనంలో మా నాయన నా సంచికలు పన్నెండూ బైండు చేయించాడు. అట్టలు ఏవని అడిగితే, బైండరు మూలనున్న చెత్తబుట్ట చూపించాడు. నాకిప్పటికీ ఆ కోపం పోలేదు! అయితే విడి సంచికలలో పేజీలు పోవడం కూడా మామూలే. కనుక సంపుటాలను కూడా పారవేయరాదు.

పిల్లవాడు చిరుగులకు అంటించడానికి జిగురుటేపు కూడా తెచ్చాడు. దానిని నేను లాక్కున్నాను. టేపు జిగురు కొన్నేళ్ళకు కాగితంలోకి ఇంకి, గోధుమరంగు మచ్చ చేస్తుంది. పూర్వపు బైండర్లు మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవారు. లేకపోతే పురుగులు ఆ మైదాకోసం పుస్తకాన్నే తినివేసేవి.

చౌకరకం కాగితంలో కలపగుజ్జు ఉంటుంది. అందులోని లిగ్నిన్ అనే పదార్థం వెలుతురు, గాలి తగిలితే పసుపుపచ్చగా మారుతుంది. కావాలంటే ఒక వార్తాపత్రిక మీద పలక బోర్లించి వారం రోజులు ఎండలో ఉంచండి. పలక తీసి రెండు భాగాలనూ పోల్చి చూడండి. మన సీమలో తేమ తక్కువ కాబట్టి బూజు బాధ కొంత తక్కువ. ఎండ, చెద మాత్రం తక్కువ కావు.

సాయంత్రం వాళ్ళ నాయన వచ్చాడు. సంచి తీసుకుపోవడానికే వచ్చాడనుకున్నాను. విడి సంచిక ఒకటి ఇచ్చాను. అట్ట అంచున పెన్సిలుతో రాసిన పేరు చూసి చాలాసేపు మాట్లాడలేదు.

"మా నాయన రాత" అన్నాడు చివరకు.

తరువాత, పెట్టెకు చెద పట్టకుండా ఏం చేయాలని అడిగాడు. గోడకు ఆనించకుండా, నాలుగు ఇటుకల మీద ఎత్తుగా పెట్టమన్నాను.